ఏడు బొట్ల బరువు

నాకు కోపం ఎక్కువని మా డిపార్టుమెంటులో అందరూ అనేవాళ్లు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ ఏడాది నేను చేసిన పని కోపంతో చేసింది కాదు, తూచి చేసింది. ఆ తేడా చక్రధర్ సార్‌కు తెలుసు, మునెయ్యన్నకు తెలుసు. మిగతావాళ్లు ఏమనుకున్నా నాకు లెక్కలేదు.

1998 సంగతి ఇది. చిత్తూరులో మా పరిశోధన కేంద్రం ఎక్కడుందో, దాని పేరేమిటో చెప్పను. చెబితే ఇంకా అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న వాళ్లకు ఇబ్బంది. నక్షత్రాల్లో ఏ మూలకం ఎంత ఉందో కొలవడం మా పని. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యమధ్యలో సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. ఇనుముకు కొన్ని గీతలు, కాల్షియానికి కొన్ని గీతలు. గీత ఎంత బలంగా ఉంటే ఆ మూలకం అంత ఎక్కువగా ఉన్నట్టు. తమిళనాడులోని కావలూరు టెలిస్కోపు దగ్గరి నుంచి ఆ వెలుగు పొడవాటి కాగితపు చుట్టల మీద గ్రాఫుగా మాకు వచ్చేది. గ్రాఫులో ఒక్కో నల్లగీత ఒక్కో గుంటలాగా కిందికి దిగి ఉంటుంది. ఆ గుంట వైశాల్యం కొలిస్తే మూలకం లెక్క తేలుతుంది.

ఆ వైశాల్యం ఎట్లా కొలవాలి? అప్పటికి పెద్ద పెద్ద చోట్ల అందరికీ కంప్యూటర్లు వచ్చేశాయి. మాకూ ఒకటుంది, ఆఫీసు గదిలో, ప్లాస్టిక్ ముసుగు వేసుకుని. ఉత్తరాలు టైపు చేయడానికి తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవాళ్లు కాదు. అందుకని మేము గుంటలను బ్లేడుతో కత్తిరించి, కెమిస్ట్రీ వాళ్లు వాడే గాజుపెట్టె త్రాసులో తూచేవాళ్లం. అదే రకం కాగితంలో, వైశాల్యం కచ్చితంగా తెలిసిన చదరపు ముక్క ఒకటి పెట్టుకుని దాన్నీ తూచేవాళ్లం. రెండు బరువులూ పోల్చి చూస్తే గుంట వైశాల్యం వచ్చేస్తుంది. నవ్వాలనిపిస్తే నవ్వండి గానీ, చెయ్యి వణక్కుండా కోస్తే కంప్యూటరు చెప్పినంత బాగా వస్తుంది. మూడేళ్లలో నేను రెండువేల నాలుగొందల గుంటలు కోశాను. నా కుడి బొటనవేలి మీద బ్లేడు ఒత్తి కాసిన కాయ ఇప్పటికీ ఉంది.

ఇక ఆ చదరపు ముక్క గురించి చెప్పాలి. పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్లు. చక్రధర్ సార్ నా గైడు. ఆయనకు పాఠం చెప్పిన గురువుగారు బెంగళూరులో మిషను మీద కోసి, మూలన పెన్సిలుతో తన పొడి అక్షరాలు రాసి, సార్ చేతికిచ్చారట. గురువుగారు పోయారు, ముక్క మిగిలింది. దానికొక చెక్కపెట్టె, లోపల మఖమల్ గుడ్డ. పట్టకారుతో తప్ప వేళ్లతో తాకకూడదు. కొత్తది కోసుకుందామా అని ఒకసారి అడిగితే, నా మొహం వైపు సార్ చూసిన చూపు నాకింకా గుర్తుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు దాన్ని తూచి, బరువు నోటుబుక్కు పైన రాసుకోవాలి. ఎవరి నోటుబుక్కు వాళ్లదే, ఒకరిది ఇంకొకరు తెరిచి చూడటం మర్యాద కాదు. ఇవీ సార్ పెట్టిన నియమాలు.

ఆరంకెల నంబరున్న ఒక నక్షత్రాన్ని, చివరి రెండంకెలు పట్టుకుని, డెబ్బైమూడు అని పిలిచేవాళ్లం. మా కేంద్రానికి పేరు తెచ్చింది అదే. 1992లో మునికృష్ణ అనే సీనియరు దాన్ని కొలిచాడు. సూర్యుడిలో ఇనుము వంద పాళ్లు అనుకుంటే డెబ్బైమూడులో తొంభైఏడు ఉందన్నాడు. 1995లో ఇంకో సీనియరు రేవతి కొలిస్తే ఎనభైఆరు వచ్చింది. అదే నక్షత్రం, అవే గీతలు, మూడేళ్లలో ఇనుము తగ్గింది. నక్షత్రం పైపొరలో ఇనుము ఏటేటా లోపలికి దిగిపోతోందని సార్ ఒక పేపరు రాశారు. ఆ పేపరు గురించి పరాయి దేశాల నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. 98లో అదే నక్షత్రం నా చేతికొచ్చింది. నాకు డెబ్బైఆరు వచ్చింది. సార్ ముఖం వెలిగిపోయింది.

ఆగస్టులో ఉత్తరాదినున్న ఒక అబ్జర్వేటరీ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లు నక్షత్రాల కంపనాలు చూసే మనుషులు. డెబ్బైమూడు రెండు గంటలకోసారి సన్నగా వణుకుతుంది. ఆ వణుకును బట్టి దాని కడుపులో ఏముందో చెప్పొచ్చు, కుండను తట్టి శబ్దం విన్నట్టు. కానీ కుండ మట్టిదో కంచుదో ముందు తెలియాలి గదా. అది చెప్పాల్సింది మేము. మీ ఇనుము లెక్క పెట్టి చూస్తే వణుకు ఒక్కటీ సరిపోవడం లేదు, ఎక్కడైనా పొరపాటు జరిగిందేమో దయచేసి మళ్లీ చూడండి అని మర్యాదగా రాశారు. సార్ ఆ ఉత్తరం నా బల్ల మీద పడేసి, డెబ్బైఆరు అని ఖాయం చేసి జవాబు రాయమన్నారు. అక్టోబరు ముప్పయ్యొకటికి నా థీసిస్ గడువు. అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. సార్ సంతకం లేకపోతే అయిదేళ్ల చదువు నీళ్లపాలు.

జవాబు రాసేవరకూ నాకు అనుమానమే రాలేదు. పాత లెక్కలూ జతచేద్దామని నియమం పక్కనపెట్టి మునికృష్ణ, రేవతి నోటుబుక్కులు బీరువాలోంచి తీశాను. మూడూ పక్కపక్కన తెరిచాను. పేజీ పైన చదరం బరువు. మునికృష్ణది ఆరువందల ఎనిమిది మిల్లీగ్రాములు. రేవతిది ఆరువందల ముప్పైరెండు. నాది ఆరువందల యాభైఆరు.

ఒకే ముక్క. ఏళ్లు గడిచేకొద్దీ లావెక్కుతోంది.

నా పాత నోటుబుక్కులు చూశాను. నేను తూకం పని మొదలుపెట్టినప్పుడు ఆరువందల నలభై, మరుసటి ఏడు నలభైఎనిమిది, ఇప్పుడు యాభైఆరు. ప్రతి ఏడూ దసరా దాటాక పెరిగింది. దసరా తర్వాత మా వైపు వానలు, కాగితం చెమ్మ పట్టిందని అప్పట్లో అనుకున్నాను. మే నెల ఎండల్లో ఆ చెమ్మ ఆరిపోవాలి గదా అని అప్పుడు నాకు తోచలేదు. మే నెల పేజీలు తీస్తే అదే బరువు. చెమ్మ కాదు. మరేమిటో తెలియలేదు. ఆ శనివారం తల బద్దలైపోతుంటే నగరి బస్సెక్కి ఇంటికి పోయాను.

మా అమ్మ సంతోషమ్మ అంగన్‌వాడీ టీచరు. నేను పోయేసరికి కొక్కెం తక్కెడకు పిల్లలను వేలాడదీసి బరువులు తూస్తోంది. ఒకామె తన బిడ్డ నడుముకున్న వెండి మొలతాడూ తాయెత్తులూ తీయనంటోంది. తీస్తే దిష్టి తగులుతుందట. ఆమెకూ అమ్మకూ చిన్న యుద్ధం నడుస్తోంది.

"బిడ్డ బరువు రాయమన్నారు గానీ తాయెత్తు బరువు రాయమన్లేదు తల్లీ," అంది అమ్మ. "నీ బిడ్డ సిక్కిపోతా ఉంటే, ఈ తాయెత్తులు దాన్ని లావుగా సూపిస్తా ఉండాయి."

నేను అన్నం కూడా తినకుండా తిరుగు బస్సెక్కాను. ఈ పిల్లకు పిచ్చి పట్టిందని అమ్మ వెనకనుంచి తిడుతూనే ఉంది.

చిత్తూరులో దిగి, తాళంచెవి తీసుకుని, చెక్కపెట్టె తెరిచి, పట్టకారుతో చదరాన్ని వెనక్కి తిప్పాను. మూలన బొట్టు. గంధం, పసుపు, పైన కుంకుమ, ఎండి గట్టిపడిన బొట్టు. బొట్టు మీద బొట్టు, పొర మీద పొర. కొత్తగా చూసిందేమీ కాదు. మూడేళ్లుగా రోజూ చూస్తున్నాను. పెళ్లిపత్రిక అంచుకు పసుపు ఉన్నట్టు, కొత్త పుస్తకం మీద కుంకుమ ఉన్నట్టు ఉంది, అంతే. అటెండరు మునెయ్యన్న ఆయుధపూజ రోజు మా దగ్గరున్న చిన్న టెలిస్కోపు గొట్టానికి, బీరువాకు, త్రాసుకు, తాళంకప్పకు, అన్నిటికీ బొట్లు పెట్టేవాడు. చదరం రాతను తాకకూడదని సార్ చెప్పారు కాబట్టి పాపం వెనకవైపు పెట్టేవాడు. దానికి బొట్టు పెట్టకుండా వదిలేస్తే అది పూజకు పనికిరాని వస్తువైపోదూ? మునికృష్ణ, రేవతి, నేను, ముగ్గురం చదువుకున్నవాళ్లం, ఆరంకెల నక్షత్రాన్ని తూచేవాళ్లం, మా కళ్ల ముందున్న బొట్టును తూచలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మునెయ్యన్నను పిలిచి, ఎన్నేళ్లుగా పెడుతున్నావన్నా అని అడిగాను. తొంభైఒకటిలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ, ఒక్క ఏడూ తప్పలేదన్నాడు. వేళ్లమీద లెక్కపెట్టాడు. ఏడు. చదరం ఎంత పెరిగింది? సార్ 1990 నాటి సొంత నోటుబుక్కులో చదరం సరిగ్గా ఆరువందలు. యాభైఆరును ఏడుతో భాగించండి. ఎనిమిది. మునెయ్యన్న వేలిముద్ర అంత నమ్మకమైన కొలత మా కేంద్రంలో ఇంకొకటి లేదు.

చదరం బరువెక్కితే దానితో పోల్చిన ప్రతి గుంటా చిన్నదిగా కనిపిస్తుంది. గుంట నూటికి ఒక పాలు చిన్నదైతే ఇనుము లెక్క దాదాపు మూడు పాళ్లు తగ్గుతుంది. బరువును ఆరువందలకు సరిచేసి మూడు నోటుబుక్కులూ మళ్లీ లెక్కగట్టాను. మూడింటికీ వందే వచ్చింది, ఒకటి అటూ ఇటూ. డెబ్బైమూడులో ఇనుము ఎక్కడికీ దిగలేదు. ఆరేళ్లుగా ఉన్నది ఉన్నట్టే ఉంది.

సోమవారం పొద్దున సార్ ముందు నోటుబుక్కులు పరిచాను. ఆయన తెలివైన మనిషి, నేను సగం చెప్పేసరికే మొత్తం అర్థమైపోయింది. మూడు నోటుబుక్కులూ తన వైపు లాక్కుని బరువులు మళ్లీ చదివారు. తర్వాత చెమ్మేమో అన్నారు. మే నెల పేజీలు చూపించాను. అయితే మునెయ్యకు మెమో ఇద్దాం, పరికరం పాడుచేశాడని రాద్దాం, కానీ పేపరు జోలికి పోవద్దు, నీ థీసిస్‌లో డెబ్బైఆరే ఉంచు అన్నారు. ఏడేళ్లు రోజూ ఆ బొట్టును చూసినవాళ్లం మనం, మెమో ఇస్తే అందరికీ ఇవ్వాలి, మొదటిది నాకివ్వండి అన్నాను. అప్పుడు ఆయన గొంతు మారింది.

"ఆయుధపూజ బొట్టును తప్పు పడతా ఉండావని నలుగురికీ తెలిస్తే ఏమంటారో ఆలోచించినావా కృపారాణీ? నువ్వు చర్చికి పోయే పిల్లవు."

అయిదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తరని నేను నమ్మాను. ఆ నమ్మకం పోయినందుకు ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టుకున్నాను.

"నేను బొట్టును తప్పు పట్టలేదు సార్. దాన్ని తూచని మనల్ని పట్టినాను. సంతకం పెట్టకపోతే పెట్టకండి. వంద వచ్చింది, వందే రాస్తాను."

ఆ మధ్యాహ్నమే ఉత్తరాదివాళ్లకు జవాబు రాశాను. పొరపాటు మాదేనని, చదరం బరువు ఎట్లా పెరిగిందో ఉన్నదున్నట్టు రాసి, కింద నా ఒక్కదాని సంతకం పెట్టి, హెడ్ పోస్టాఫీసులో రిజిస్టరు చేసి వచ్చాను. గైడు సంతకం లేకుండా కేంద్రం నుంచి ఒక్క కార్డుముక్క కూడా బయటికి పోకూడదు. అదీ ఒక నియమమే. ఉంటే ఉండనీ అనుకున్నాను.

సెప్టెంబరు మూడోవారంలో థీసిస్‌కు ముందు జరగాల్సిన సెమినారు. పదకొండు గంటలకు, ముప్పైమంది. హెడ్ పంకజాక్షి మేడమ్ ముందు వరసలో, పక్కన చక్రధర్ సార్. డెబ్బైమూడులో ఇనుము వంద పాళ్లు అని బోర్డు మీద రాశాను. హాల్లో గుసగుస మొదలైంది. సార్ పేపరుకు విరుద్ధంగా ఉందే అన్నారు మేడమ్. అవునన్నాను. ఎందుకు విరుద్ధమో చెప్పాను, బొట్టు సంగతితో సహా. వెనకనుంచి ఎవరో, వీళ్లకు మన పూజలంటే మొదట్నుంచీ మంటే అన్నారు. ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. మాటలతో వాదించను, చదరం తెప్పించండి, మీ అందరి ముందూ తూద్దాం అన్నాను. గురువుగారి ముక్కను సంతలో పెట్టడం కుదరదన్నారు సార్.

టీ కప్పులు తెచ్చిన మునెయ్యన్న తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. ట్రే కింద పెట్టి వెళ్లిపోయాడు. భయపడి పారిపోయాడనుకున్నాను. రెండు నిమిషాల్లో చెక్కపెట్టె రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"ఏడు బొట్లుండాయి సార్. నా సేత్తోనే పెట్నాను," అన్నాడు. "కృపమ్మ సెప్పేది నిజమో కాదో తూసి సూడండి. నా ఉజ్జోగం సంగతి తర్వాత."

అప్పుడిక ఎవరూ కాదనలేకపోయారు. అందరం తూకం గదిలోకి పోయాం. పట్టనివాళ్లు కిటికీల దగ్గర నిలబడ్డారు. నేను పట్టకారు తీసుకోబోతే సార్ చెయ్యి చాచారు. ఆ త్రాసు మీద ఆయన చెయ్యంత నిలకడైన చెయ్యి మా జిల్లాలోనే లేదు. నాకు తూకం నేర్పింది ఆ చెయ్యే. గాజుతలుపు మూసి, ముల్లు ఊగడం ఆగేవరకూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆరువందల యాభైఆరు అన్నారు. నోటుబుక్కులో రాశారు. తర్వాత బ్లేడు నా వైపు జరిపారు.

బ్లేడు వీపుతో బొట్లు గీకాను, కాగితానికి గీటు పడకుండా, పొర వెంట పొర. కుంకుమ పొడి రాలుతుంటే మునెయ్యన్న తన తుండుగుడ్డ చాపి కింద పట్టాడు, నేలమీద పడి తొక్కుడు పడకూడదని. సార్ మళ్లీ తూచారు. ముల్లు ఆగింది. ఆయన అబద్ధం చెబుతారేమోనని నేను ఒక్క క్షణం భయపడ్డాను. చెప్పలేదు. ఆరువందల ఒకటి అన్నారు. రాశారు. తూకం కింద సంతకం పెట్టడం ఆయనకు ముప్పైఏళ్ల అలవాటు, పెట్టేశారు. పెన్ను మూసి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయారు.

నా థీసిస్ కాగితం మీద మాత్రం ఆయన సంతకం పెట్టలేదు. తర్వాత కూడా పెట్టలేదు. పంకజాక్షి మేడమ్ ఆ తూకం పేజీ చూసి, నాకీ సంతకం చాలు అని, గైడుగా తన పేరు రాయించుకున్నారు. ఉత్తరాది నుంచి కార్డు వచ్చింది. వంద పెట్టి చూశాం, వణుకులన్నీ సరిపోయాయి అని రెండే రెండు లైన్లు. నేను కొత్త చదరం కోశాను. పాతదాన్ని దాని పెట్టెలోనే ఉండనిచ్చి, కొత్తదాని మూలన పెన్సిలుతో నా పొడి అక్షరాలు రాశాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయుధపూజ రోజు పొద్దున పోయి చూస్తే తూకం గది తలుపుకు ఒక నోటీసు అంటించి ఉంది. పూజాసామగ్రితో అటెండర్లు లోపలికి రాకూడదు, వస్తే చర్య తీసుకోబడును. కింద చక్రధర్ సార్ సంతకం. నా కాగితం మీద పెట్టడానికి చెయ్యిరాలేదు గానీ దీనికి వచ్చింది.

మునెయ్యన్న పళ్లెం పట్టుకుని వరండా చివర నిలబడి ఉన్నాడు. కొత్త పంచె, తడి తల. మిగతా గదులన్నిటికీ బొట్లు పెట్టి ఇక్కడికొచ్చి ఆగిపోయాడు. నన్ను చూసి తల దించుకున్నాడు, తప్పు తానే చేసినట్టు. ఏడేళ్ల లెక్క పొల్లు పోకుండా చెప్పిన మనిషి ఆ గుమ్మం ముందు బెదిరి నిలబడటం నేను చూడలేకపోయాను. వరండాలో ఇద్దరు లెక్చరర్లు, నలుగురు స్టూడెంట్లు, అవతల తన గది తలుపు దగ్గర సార్. అందరూ చూస్తుండగానే నోటీసు ఒక మూలనుంచి పట్టుకుని చించేశాను.

"బిరీన రా అన్నా. త్రాసుకు పెట్టు, బీరువాకు పెట్టు, తాళానికి పెట్టు," అన్నాను. కొత్త చదరమున్న పెట్టెను చంకలో పెట్టుకుని, నుదురు ముందుకు వంచాను. "నాకూ పెట్టు. దీనికొక్కదానికే వద్దు."